తెర ఎంత పెద్దదని కాదు.. ఆరిపోతే ఏంటని అడగండి!

ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. 40 అడుగుల తెరచాప పడవ ఒకటి ఉంది. దాని యజమాని, ఆయన భార్య, ఓ స్నేహితుడు.. ముగ్గురూ కలిసి విశాఖపట్నం నుంచి అండమాన్‌లోని పోర్ట్‌ బ్లెయిర్‌కు వెళ్లాలనుకుంటున్నారు. (2024 నుంచి ఆ ఊరి పేరు శ్రీవిజయపురం.) పడవలో నావిగేషన్‌ ఎలక్ట్రానిక్స్‌ ఏమేం ఉండాలో మీరే తేల్చాలి. డబ్బుకు మరీ ఇబ్బంది లేదు. ఏం కొనమంటారు?

ఈసీఈ, ట్రిపుల్‌ఈ చివరి సంవత్సరం వాళ్లకు ఇలాంటి ప్రశ్న వేస్తే చాలామంది చేసే పని ఒకటే. ఫోన్‌ తీస్తారు. గార్మిన్‌, రేమెరీన్‌, ఫురునో, బీ అండ్‌ జీ.. నాలుగు బ్రాండ్ల పేర్లు, అంగుళాలు, రిజల్యూషన్‌, ధర అన్నీ పట్టికలా వేసేస్తారు. చివరికి అన్నింటికంటే పెద్ద స్క్రీన్‌ ఉన్నదానికి టిక్‌ పెడతారు. అచ్చం కొత్త ఫోన్‌ కొన్నట్టే.

ఆ పట్టిక తప్పని అనను. కానీ చివర్లో రావాల్సింది ముందే వచ్చేసింది. సముద్రంలోకి వెళ్లే పరికరం గురించి మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: 'అర్ధరాత్రి ఇది ఆగిపోతే పడవలో ఉన్నవాళ్లు ఏం చేస్తారు?' ఈ ప్రశ్నతో మొదలుపెట్టడం అలవాటైనవాళ్లకు పడవల్లోనే కాదు, ఆస్పత్రుల్లో, రైల్వే సిగ్నలింగ్‌లో, సబ్‌స్టేషన్లలో.. ఎక్కడైనా విలువ ఉంటుంది. అది రాకపోతే ఎన్ని సర్టిఫికెట్లున్నా కేటలాగ్‌ చదివి వినిపించే పని దగ్గరే ఆగిపోతారు. కాస్త కఠినంగా ఉన్నా నా అభిప్రాయం ఇదే.

'మనకు యాట్‌లు ఎక్కడున్నాయి సార్‌, వాటితో మనకేం పని?' అంటారని తెలుసు. దానికి జవాబు తర్వాత చెబుతా. ముందు పడవ సంగతి చూద్దాం.

ఒడ్డు కనపడని రోజులు

విశాఖ నుంచి పోర్ట్‌ బ్లెయిర్‌ సుమారు 650 నాటికల్‌ మైళ్లు. నాటికల్‌ మైలంటే 1,852 మీటర్లు. పడవ సగటున ఐదు నాట్ల వేగంతో, అంటే గంటకు ఐదు నాటికల్‌ మైళ్లు వెళ్తుందనుకోండి. మొత్తం 130 గంటలు. దాదాపు ఐదున్నర రోజులు. తీరం వదిలిన కొద్ది గంటలకే సెల్‌ సిగ్నల్‌ పోతుంది. ఇక ఆ ముగ్గురికి కావాల్సినవి నాలుగే సమాచారాలు. మనం ఎక్కడున్నాం? కింద నీరెంత? దగ్గర్లో ఎవరున్నారు? ఏదైనా జరిగితే ఎవరికి, ఎలా చెప్పాలి?

పరికరాల పేర్లు ఈ నాలుగు ప్రశ్నల కిందికి రావాలి. పైకి కాదు.

నన్ను అడిగితే నాలుగో ప్రశ్న నుంచే మొదలుపెడతాను. ప్రమాదంలో చిక్కుకుంటే ఉపగ్రహాలకు సంకేతం పంపే బీకన్‌ ఒకటుంది. దాన్ని ఈపర్బ్‌ అంటారు. 406 మెగాహెర్ట్‌జ్‌లో పనిచేస్తుంది. కోస్పాస్‌-సార్‌శాట్‌ అనే అంతర్జాతీయ వ్యవస్థ ఆ సంకేతాన్ని పట్టుకుంటుంది. మన దేశంలో దీని కంట్రోల్‌ సెంటర్‌ బెంగళూరులో ఇస్రో దగ్గర ఉంది. అక్కడి నుంచి సమాచారం కోస్ట్‌గార్డ్‌కు చేరుతుంది. పడవలో కరెంటు మొత్తం పోయినా ఇది సొంత బ్యాటరీతో దాదాపు రెండు రోజులు పనిచేస్తుంది. దీనికి స్క్రీన్‌ ఉండదు. చూపించి గొప్పలు చెప్పుకోవడానికి ఏమీ లేదు. అందుకేనేమో విద్యార్థుల జాబితాల్లో ఎక్కడో అడుగున కనిపిస్తుంది, లేదా అసలే కనిపించదు. కొన్నాక దాన్ని యజమాని పేరుతో రిజిస్టర్‌ చేయించాలన్న సంగతి అంతకంటే తక్కువమందికి తెలుసు. రిజిస్టర్‌ కాని బీకన్‌ మోగితే, ఆ పడవ ఎవరిదో, ఎందరున్నారో రక్షించేవాళ్లకు తెలియదు.

2018 సెప్టెంబరులో కమాండర్‌ అభిలాష్‌ టామీ సంగతి గుర్తుండే ఉంటుంది. గోల్డెన్‌ గ్లోబ్‌ రేసులో ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టి వస్తూ, దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపానులో చిక్కుకున్నారు. పడవ కొయ్యలు విరిగాయి, వెన్నుకు దెబ్బ తగిలి కదల్లేని స్థితి. ఆ రేసు నిబంధన ఏంటంటే, 1968 నాటి తొలి రేసులో ఉన్నలాంటి పరికరాలే వాడాలి. దారి కోసం జీపీఎస్‌ చూడకూడదు. సెక్స్‌టెంట్‌తో సూర్యుణ్ని, నక్షత్రాలను కొలిచి లెక్క కట్టుకోవాల్సిందే. అంత పాతకాలపు నిబంధనల రేసులోనూ అత్యవసర బీకన్‌ను మాత్రం నిర్వాహకులు వద్దనలేదు. ఫ్రెంచ్‌ నౌక ఒసిరిస్‌ ఆయన్ను కాపాడింది. అదే టామీ మళ్లీ వెళ్లి 2023లో అదే రేసును రెండో స్థానంలో ముగించారు. ఏది లేకపోయినా నడుస్తుంది, ఏది లేకపోతే నడవదు అన్న తేడా ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

తర్వాత వీహెచ్‌ఎఫ్‌ రేడియో. ఇక్కడ మీ సెకండియర్‌ యాంటెనా పాఠం పనికొస్తుంది. రేడియో తరంగం ఎంత దూరం వెళ్తుందో కిలోమీటర్లలో కావాలంటే, యాంటెనా ఎత్తు మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 4.12తో గుణించండి. కొయ్య చివర 15 మీటర్ల ఎత్తులో యాంటెనా పెడితే దాదాపు 16 కిలోమీటర్లు. అవతలి పడవదీ అంతే ఎత్తయితే ఇద్దరి మధ్య 32 కిలోమీటర్ల వరకూ మాట అందుతుంది. అదే చేతిలో పట్టుకునే వాకీటాకీ లాంటిది రెండు మీటర్ల ఎత్తులో ఉంటే, దాని వాటా ఆరు కిలోమీటర్లు కూడా ఉండదు. పవర్‌ 5 వాట్లా, 25 వాట్లా అన్నదానికంటే ఎత్తే ఎక్కువ తేల్చింది చూశారా? కేటలాగ్‌లో పెద్ద అక్షరాలతో ఉండేది వాట్లు. ఎత్తు మాత్రం బిగించేవాడి చేతిలో ఉంటుంది.

దగ్గర్లో ఎవరున్నారో చెప్పేది ఏఐఎస్‌. ప్రతి ఓడా తన పేరు, స్థానం, వేగం, దిశ వీహెచ్‌ఎఫ్‌లోనే పంపుతూ ఉంటుంది. 20 నాట్ల వేగంతో ఒక కంటైనర్‌ ఓడ ఎదురుగా వస్తోంది, మన పడవ ఐదు నాట్లతో వెళ్తోంది. ఇద్దరి మధ్య 12 మైళ్లుంటే కలుసుకోవడానికి 29 నిమిషాలు. కాపలా ఉన్నవాళ్లు టీ పెట్టుకుని తాగేలోపు అయిపోతుంది. అందుకే ఏఐఎస్‌ను నేను రాడార్‌ కంటే ముందు పెడతాను. ఖర్చు తక్కువ, కరెంటు తక్కువ, పైగా మనల్నీ ఓడలకు చూపిస్తుంది. కానీ ఒక సంగతి యజమానికి తప్పకుండా చెప్పాలి. ఏఐఎస్‌ లేనివాటిని ఏఐఎస్‌ చూపించదు. రాత్రిపూట దీపం సరిగా లేని చిన్న ఫైబర్‌ తెప్ప స్క్రీన్‌ మీద ఎక్కడా ఉండదు. దాన్ని రాడార్‌ కూడా సరిగ్గా పట్టలేదు. కాబట్టి ఆ పనికి మిగిలేది మనిషి కళ్లే. ఈ మాట చెప్పని ఇంజినీరు తన పని సగమే చేసినట్టు.

డెప్త్‌ సౌండర్‌ సంగతి వేరు. బంగాళాఖాతం మధ్యలో లోతు వేల మీటర్లు. అక్కడ అది గీతలు తప్ప ఏమీ చూపించదు. దాని ఉద్యోగం మొదటి గంట, చివరి రోజు. పడవ అడుగు నుంచి శబ్దం పంపితే, నీటిలో సెకనుకు దాదాపు 1,500 మీటర్ల వేగంతో వెళ్లి తిరిగొస్తుంది. 15 మీటర్ల లోతుకు 20 మిల్లీసెకన్లు. చాలా సాదా పరికరం. అయితే పగడపు దిబ్బల మధ్య లంగరు వేసేటప్పుడు ఈ సాదా పరికరమే పక్కనున్న రంగుల మ్యాప్‌ కంటే నిజం చెబుతుంది. ఎందుకంటే జీపీఎస్‌ మనల్ని కొద్ది మీటర్ల తేడాతో చూపించగలదు, కానీ ఆ మ్యాప్‌కు ఆధారమైన సర్వే ఎప్పటిదో! ప్రపంచంలో చాలాచోట్ల ఆ లోతులు తాడుకు సీసం కట్టి కొలిచిన రోజులవి.

ఇన్ని చెప్పాక ఇప్పుడు చార్ట్‌ప్లాటర్‌, అంటే మీరు మొదట టిక్‌ పెట్టిన ఆ స్క్రీన్‌. అది కావాల్సిందే. అందరూ చూసేది దాన్నే. పెద్దదైతే మంచిదే.. బ్యాటరీ ఒప్పుకుంటే.

లెక్క తేలేది బ్యాటరీ దగ్గరే

ఒక కాగితం తీసుకుని మీరే వేసి చూడండి. 12 వోల్టుల వ్యవస్థ. 200 ఆంపియర్‌ అవర్‌ లెడ్‌ యాసిడ్‌ బ్యాటరీ. ఎక్కువకాలం మన్నాలంటే సగమే వాడుకోవాలి కాబట్టి మన చేతిలో ఉన్నది 100. ఉదాహరణకు చార్ట్‌ప్లాటర్‌ 1.2 ఆంపియర్లు తీసుకుంటే రోజుకు 29. రేడియో వింటూ ఉంటేనే అర ఆంపియర్‌, అంటే 12. ఏఐఎస్‌ ఒక 6. గాలి, లోతు చూపే మీటర్లు కలిపి 7. ఇక్కడికి 54. పర్లేదు అనిపిస్తుంది. ఇప్పుడు ఆటోపైలట్‌ చేర్చండి. ముగ్గురే మనుషులు కాబట్టి చుక్కాని పట్టుకుని 130 గంటలు కూర్చోలేరు, అది తప్పదు. సగటున 3 ఆంపియర్లే అనుకున్నా రోజుకు 72. మొత్తం 126. ఇంకా దీపాలు, ఫ్రిజ్‌, ఫోన్‌ చార్జింగ్‌ కలపలేదు. రాడార్‌ పేరే ఎత్తలేదు.

మొదటి రోజు ముగియకముందే పడవ చీకటి!

ఇప్పుడు చేయాల్సినవి ఏంటి? సోలార్‌ ప్యానెల్‌ పెట్టొచ్చు. మబ్బు పట్టిన రోజు ఎంత ఇస్తుందో అడగాలి. లిథియం బ్యాటరీకి మారొచ్చు. అప్పుడు ఇంజిన్‌ మీదున్న ఆల్టర్నేటర్‌ ఆ చార్జింగ్‌ భారాన్ని మోస్తుందో లేదో చూడాలి. లేదంటే గాలి ఆధారంగా, కరెంటు లేకుండా చుక్కానిని తిప్పే విండ్‌వేన్‌ బిగించొచ్చు. దూరప్రయాణాలు చేసే చాలామంది ఇప్పటికీ దాన్నే నమ్ముతారు. ఎలక్ట్రానిక్స్‌ ఇంజినీరు ఇచ్చే అత్యుత్తమ సలహా ఒక్కోసారి 'ఇక్కడ ఎలక్ట్రానిక్స్‌ వద్దు' అన్నదే కావచ్చు. ఇంటర్వ్యూలో ఈ మాట లెక్కతో సహా చెప్పగలిగితే ఎదురుగా కూర్చున్నవాళ్లు కచ్చితంగా తలెత్తి చూస్తారు.

వైరు మందం సంగతీ ఇంతే. ఆటోపైలట్‌ మోటారు అల పెద్దదైనప్పుడు 15 ఆంపియర్లు లాగిందనుకోండి. బ్యాటరీ నుంచి ఆరు మీటర్ల దూరం, రానుపోను 12 మీటర్లు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే దారిలోనే దాదాపు 1.2 వోల్టులు పోతాయి. పన్నెండులో పదో వంతు! అప్పటికే బ్యాటరీ కాస్త దిగి ఉంటే, ఆటోపైలట్‌ అసలు అవసరమైన క్షణంలోనే రీసెట్‌ అవుతుంది. అదే 10 చదరపు మిల్లీమీటర్ల వైరైతే నష్టం 0.3 వోల్టు. ఇలాంటి ముఖ్యమైన లైన్లలో 3 శాతానికి మించి వోల్టేజి పడిపోకూడదన్నది పడవల వైరింగ్‌లో పాటించే ప్రమాణం. 'పరికరం చెడిపోయింది' అని కంపెనీకి తిప్పి పంపే సందర్భాల్లో ఎన్నిసార్లు తప్పు వైరుది, తుప్పు పట్టిన కనెక్టర్‌దీ అయ్యుంటుందో ఈ రంగంలో పనిచేసేవాళ్లను అడగండి. ఉప్పుగాలికి మామూలు రాగి నల్లబడిపోతుంది. అందుకే తగరం పూత ఉన్న తీగలు వాడతారు.

పరికరాలన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఎన్‌ఎంఈఏ 2000 అనే వ్యవస్థ వాడతారు. పేరు కొత్తగా ఉన్నా లోపల ఉన్నది మీకు తెలిసిన క్యాన్‌ బస్సే. కార్లలో ఉండేదే. వేగం సెకనుకు 250 కిలోబిట్లు. ఒక వెన్నెముక లాంటి కేబుల్‌, దాని రెండు చివర్లా 120 ఓమ్‌ల టెర్మినేటర్లు, మధ్యలో కొమ్మల్లా ఒక్కో పరికరానికి ఆరు మీటర్లకు మించని తీగ. కరెంటు ఆపి మల్టీమీటర్‌తో రెండు డేటా తీగల మధ్య కొలిస్తే 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక టెర్మినేటర్‌ లేదు. 40 వస్తే ఎవరో మూడోది తగిలించారు. ఖరీదైన సాఫ్ట్‌వేర్‌ ఏదీ తెరవకుండానే సగం సమస్య ఇలా తేలిపోతుంది. రెండు సమాంతర నిరోధాల లెక్క మీరు ఇంటర్‌లోనే చేశారు కదా!

చిన్న తీగ.. పదిహేడు మైళ్ల తేడా

ఇప్పుడు చెప్పబోయేది పెద్ద విహార నౌక కథ. కానీ చిన్న పడవకూ అక్షరాలా వర్తిస్తుంది.

1995 జూన్‌లో 'రాయల్‌ మెజెస్టీ' అనే క్రూజ్‌ నౌక బెర్ముడా నుంచి అమెరికాలోని బోస్టన్‌కు బయల్దేరింది. ఓడలో 1,500 మందికి పైగా ఉన్నారు. బయల్దేరిన గంటలోపే జీపీఎస్‌ యాంటెనా దగ్గర కేబుల్‌ ఊడిపోయింది. అంతే. ఉపగ్రహాల సంకేతం ఆగిపోయింది. రిసీవర్‌ మాత్రం ఆగలేదు. పాత స్థానం, వేగం, దిశ పట్టుకుని అంచనా లెక్క వేసుకుంటూ పోయింది. చిన్న కీచు శబ్దం ఒకటి చేసింది. తెర మీద మూలన 'డీఆర్‌' అని చిన్న అక్షరాలు చూపించింది. ఎవరూ గమనించలేదు.

ఎలక్ట్రానిక్స్‌ విద్యార్థి కళ్లు పెద్దవి చేసుకుని చదవాల్సిన భాగం ఇది. ఆ రిసీవర్‌ తన డేటాతో పాటు 'ఈ స్థానం నమ్మదగింది కాదు' అనే గుర్తును కూడా పంపుతూనే ఉంది. దాన్ని అందుకున్న ఆటోపైలట్‌ వ్యవస్థ ఆ గుర్తును చూసేలా తయారుకాలేదు. నమ్మకూడని అంకెలను నమ్మి, చక్కగా గీత మీద నడుపుతున్నట్టు చూపిస్తూ పోయింది. గాలి, ప్రవాహం ఓడను పక్కకు నెడుతున్న సంగతి దానికి తెలియదు. బ్రిడ్జి మీదే లోరాన్‌-సి అనే మరో పరికరం సరైన స్థానం చూపిస్తోంది. రెండింటినీ ఎవరూ పోల్చి చూడలేదు. డెప్త్‌ సౌండర్‌ అలారం సున్నా దగ్గర పెట్టి ఉంది, కాబట్టి అదీ మోగలేదు. దాదాపు 34 గంటల తర్వాత, అనుకున్న దారికి 17 మైళ్లు పక్కన, నాన్‌టకెట్‌ దీవి దగ్గర ఓడ ఇసుక దిబ్బ ఎక్కింది. అదృష్టం, ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు.

అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ దీని మీద ఇచ్చిన నివేదిక ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ప్లేస్‌మెంట్‌ ట్రైనింగ్‌లో వెయ్యి ఆప్టిట్యూడ్‌ బిట్లు చేయించే కాలేజీలు, ఈ ఒక్క నివేదికను ఒక పూట కూర్చోబెట్టి చదివిస్తే బాగుంటుందని నాకెప్పుడూ అనిపిస్తుంది. కేబుల్‌ కనెక్టర్‌, డేటా ప్రోటోకాల్‌, డిస్‌ప్లే డిజైన్‌, అలారం సెట్టింగ్‌, మనిషి అలవాటు.. నాలుగేళ్ల సిలబస్‌ అందులో ఉంది.

ఆ 'నమ్మొద్దు' గుర్తు ఇప్పటికీ ఉంది. జీపీఎస్‌ రిసీవర్లు పంపే ఆర్‌ఎంసీ అనే వరుసలో 'ఏ' అక్షరం వస్తే స్థానం సరైనది, 'వీ' వస్తే హెచ్చరిక. కాలేజీ ప్రాజెక్టులో జీపీఎస్‌ మాడ్యూల్‌ పెట్టి బస్‌ ట్రాకింగ్‌ చేసినవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. మీ కోడ్‌లో ఆ అక్షరాన్ని చూశారా? లేక నేరుగా అక్షాంశం, రేఖాంశం తీసుకుని మ్యాప్‌ మీద చుక్క పెట్టేశారా? ఒకసారి తెరిచి చూడండి.

రెండో ఘటన చిన్నగా చెబుతా. 2014 నవంబరు 29 రాత్రి, వోల్వో ఓషన్‌ రేసులో 'వెస్టాస్‌ విండ్‌' పడవ మారిషస్‌కు ఈశాన్యాన ఉన్న కార్గాడోస్‌ కరాజోస్‌ పగడపు దిబ్బల మీదికి దూసుకెళ్లింది. తొమ్మిది మంది ఉన్నారు, అందరూ బయటపడ్డారు. అక్కడ పరికరాలన్నీ పనిచేస్తున్నాయి. మ్యాప్‌లో దిబ్బలూ ఉన్నాయి. కాకపోతే ఎలక్ట్రానిక్‌ చార్టును దూరపు జూమ్‌లో చూస్తే అవి ప్రమాదకరంగా కనిపించలేదు. దగ్గరి జూమ్‌లో ఆ దారి మొత్తం ఎవరూ చూడలేదు. పెద్ద స్క్రీన్‌ ఉంటే సరిపోతుందనుకునేవాళ్లకు ఇంతకంటే ఏం చెప్పాలి? అందుకే పరికరం అప్పగించే రోజున యజమాని పక్కన కూర్చుని, దారి మొత్తాన్ని దగ్గరి జూమ్‌లో ఆయన చేతే నడిపించడం కూడా బిగింపు పనిలో భాగమే అంటాను.

'టాబ్లెట్‌లో యాప్‌ పెట్టుకుంటే పోదా?' అని అడిగేవాళ్లున్నారు. అది తెలివితక్కువ ప్రశ్నేమీ కాదు. రెండో మ్యాప్‌గా టాబ్లెట్‌ చాలా మంచిది. పడవ బ్యాటరీ పోయినా దాని బ్యాటరీ వేరే ఉంటుంది కదా. అయితే ఎండలో వేడెక్కి ఆగిపోతుంది, తడి వేళ్లకు పలకదు, కొన్ని వైఫై మోడళ్లలో జీపీఎస్‌ చిప్పే ఉండదు. దాన్ని రెండోదిగా పెట్టండి, ఒక్కటే చేయకండి. కాగితం చార్టు, దిక్సూచి మూడోవి. ఆ దిక్సూచి పక్కన స్పీకరు బిగించకండి, అందులోని అయస్కాంతం దాన్ని పక్కకు లాగుతుంది.

మరి ఉద్యోగాలెక్కడ?

ఇప్పుడు దాటవేసిన ప్రశ్నకొద్దాం. నిజమే, మన దగ్గర సొంత యాట్‌ ఉన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతే. దేశంలో అలాంటి పడవలు ఎక్కువగా గోవా, ముంబయి, కొచ్చిల్లో కనిపిస్తాయి. అయితే పైన చెప్పిన వీహెచ్‌ఎఫ్‌, ఏఐఎస్‌, సౌండర్‌, రాడార్‌, క్యాన్‌ బస్‌, 12 వోల్టుల వైరింగ్‌.. ఇవేవీ యాట్‌ల సొత్తు కాదు. విశాఖ, కాకినాడ హార్బర్లలో మరపడవల మీద ఉన్నవీ ఇవే. పైలట్‌ బోట్లు, టగ్గులు, సర్వే లాంచీలు, కోస్ట్‌గార్డ్‌ ఇంటర్‌సెప్టర్‌ బోట్లు.. అన్నిటిలో సూత్రం ఒకటే. దేశవ్యాప్తంగా లక్ష చేపల పడవలకు ఉపగ్రహ ట్రాన్స్‌పాండర్లు అమర్చే పథకాన్ని కేంద్రం 2024లో ప్రారంభించింది. అందులో వాడేది ఇస్రో టెక్నాలజీ. ఒడ్డుకు దూరంగా ఉన్న మత్స్యకారులకు వాతావరణ హెచ్చరికలు వాళ్ల భాషలోనే అందాలన్నది దాని ఉద్దేశాల్లో ఒకటి. లక్ష యాంటెనాలు ఎవరో బిగించాలి, ఉప్పు పట్టిన కనెక్టర్లు ఎవరో మార్చాలి, ఎర్రబటన్‌ ఎప్పుడు నొక్కాలో సరంగుకు తెలుగులో ఎవరో వివరించాలి. ఆ ఎవరో మీరెందుకు కాకూడదు?

సముద్రం మనవాళ్లకు కొత్త కూడా కాదు. 2017 సెప్టెంబరులో గోవా నుంచి ఐఎన్‌ఎస్‌వీ తారిణిలో బయల్దేరి, 254 రోజుల్లో 21,600 నాటికల్‌ మైళ్లు చుట్టి వచ్చిన ఆరుగురు నౌకాదళ అధికారిణుల్లో ఇద్దరు తెలుగు అమ్మాయిలు. విశాఖకు చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య. ఆ పడవ పొడవు 56 అడుగులే. మన లెక్కలోని పడవ కంటే కాస్త పెద్దది, అంతే.

ఓడ ఎక్కాలనుకునే ట్రిపుల్‌ఈ, ఈసీఈ వాళ్లకు ఎలక్ట్రో టెక్నికల్‌ ఆఫీసర్‌ దారి ఉంది. డీజీ షిప్పింగ్‌ ఆమోదించిన సంస్థల్లో దాదాపు నాలుగు నెలల కోర్సు చేయాలి. మార్కులు, వయసు, వైద్య పరీక్ష నిబంధనలు డీజీ షిప్పింగ్‌ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి, ఏజెంట్‌ చెప్పింది విని కాదు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి గట్టిగా చెప్పాలి. 'లక్షలు కట్టండి, నెలలో ఓడ ఎక్కిస్తాం' అనేవాళ్లు మన ఊళ్లలోనూ తిరుగుతున్నారు. నావికులను పనిలో చేర్చే సంస్థకు ఆర్‌పీఎస్‌ఎల్‌ అనే లైసెన్సు తప్పనిసరి. దాని నంబరు అడగండి, అధికారిక జాబితాలో సరిచూసుకోండి. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు తీసుకోవడమే చట్టవిరుద్ధం. ఆ ఒక్క మాట ఇంట్లో నాన్నకూ, అమ్మకూ కూడా చెప్పి ఉంచండి. పొలం కాగితాలు తాకట్టు పెట్టేది వాళ్లే కాబట్టి.

ఒడ్డునే ఉండి పనిచేయాలంటే పరికరాల కంపెనీల డీలర్ల దగ్గర సర్వీస్‌ ఇంజినీర్లుగా చేరొచ్చు, షిప్‌యార్డుల కాంట్రాక్టర్ల దగ్గర మొదలుపెట్టొచ్చు. డిప్లొమా, ఐటీఐ వాళ్లకూ చోటుంది. చేపల పడవల వైపు ఆసక్తి ఉంటే విశాఖలో సిఫ్‌నెట్‌ యూనిట్‌ ఉంది. మొదటి జీతం చూసి సాఫ్ట్‌వేర్‌ స్నేహితుడితో పోల్చుకుంటే నిరాశ తప్పదు, అది దాచను. ఎండలో, ఇంజిన్‌ గదిలో, డీజిల్‌ వాసనలో పని. కొందరికి ఓడ ఎక్కగానే వాంతులు. ఆ పని అందరికీ పడదు.

పడుతుందో లేదో తెలుసుకోవడానికి ఓ పని చేసి చూడండి. ఓపెన్‌సీపీఎన్‌ అనే చార్ట్‌ప్లాటర్‌ సాఫ్ట్‌వేర్‌ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. దాన్ని పెట్టుకుని, పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్‌ రాసి ఆర్‌ఎంసీ వరుసలు పంపండి. పడవ గుర్తు తెర మీద కదులుతుంది. తర్వాత 'ఏ' బదులు 'వీ' పంపి ఏమవుతుందో చూడండి. వరుసలు పంపడమే ఆపేసి చూడండి. స్థానాన్ని రోజుకు కొంచెం చొప్పున పక్కకు జరిపి, తెర ఏమైనా ఫిర్యాదు చేస్తుందేమో చూడండి. ఒక ఆదివారం పట్టే పని. రేడియో తరంగాలేవీ పంపడం లేదు కాబట్టి లైసెన్సు గొడవా లేదు. నిజమైన వీహెచ్‌ఎఫ్‌లో మాత్రం లైసెన్సు లేకుండా మాట్లాడకూడదు.

తర్వాత ఆ పోర్ట్‌ బ్లెయిర్‌ పడవకు ఒక్క పేజీ రాయండి. ఎడమ వైపు ఒక్కో పరికరం పేరు. దాని పక్కన అది ఆగిపోతే ఎలా తెలుస్తుంది, ఎంతసేపట్లో తెలుస్తుంది, అప్పుడు దాని పని ఏది చేస్తుంది, రోజుకు ఎన్ని ఆంపియర్‌ అవర్లు తింటుంది. ఆ పేజీని రెజ్యుమేకు పిన్‌ చేసి ఇవ్వండి. స్క్రీన్‌ ఎన్ని అంగుళాలన్న గడి ఖాళీగా వదిలేయండి. చుక్కాని దగ్గర ఎంత చోటుందో టేపుతో కొలిచాక యజమానే చెబుతాడు.